మానిటర్ కొనే ముందు సీపీయూ వెనక్కి తిప్పండి

గుణుపురం నుంచి మా బావమరిది ఫోన్ చేసి, "బావా, 27 అంగుళాల మానిటర్ ఆఫర్‌లో ఉంది, తీసేసుకోనా?" అన్నాడు.

"నీ సీపీయూ వెనక నీలం పిన్ను ఒక్కటే ఉందా, ఇంకేమైనా ఉన్నాయా?" అన్నాను.

"నేను కొనేది మానిటర్ కదా, సీపీయూ గొడవెందుకు?"

మా షాపుకొచ్చి మానిటర్ గురించి అడిగేవాళ్ళంతా ఇలాగే అంటారు. ఒడిశా, ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడిలో పదిహేనేళ్ళుగా జిరాక్సు, డీటీపీ పని చేస్తున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, దరఖాస్తులు, సగం తెలుగులో, సగం ఒడియాలో. పొద్దున్నుంచి రాత్రిదాకా తెర ముందే కూర్చుంటాను కాబట్టి ఊళ్ళోవాళ్ళకి నేనొక మానిటర్ల పండితుణ్ణి. ఆ పాండిత్యంలో సగం తప్పు సరుకు కొని నేర్చుకున్నదే.

కొత్త మానిటర్ ఎంత మంచిదైనా, మీ కంప్యూటర్ పంపే బొమ్మని మించి చూపించలేదు. అందుకని ముందు సీపీయూ డబ్బాని గోడ దగ్గర్నుంచి ఇవతలికి లాగి, బూజు దులిపి, వెనక పక్క ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. షాపుకి వెళ్ళేటప్పుడు అది మీ దగ్గరుంటే అమ్మేవాడు ఏం చెప్పినా మీకు భయం లేదు.

ఆ ఫొటోలో ఏం కనిపిస్తుందంటే, నీలం రంగులో వరసకి 5 చొప్పున మూడు వరసల్లో 15 రంధ్రాలు, రెండు పక్కలా మరలు బిగించే చోటు ఉంటే అది వీజీఏ. 1987లో ఐబీఎం తెచ్చినది, ఇంకా చావలేదు. తెల్లగా, దానికంటే వెడల్పుగా, మరలతోనే ఉంటే డీవీఐ. సెట్‌టాప్ బాక్సు వైరు పట్టే సన్నటి పలక ఆకారం హెచ్‌డీఎంఐ. దాదాపు అలాగే ఉండి ఒక మూల మాత్రం కోసినట్టు ఉంటే డిస్‌ప్లే పోర్ట్.

నీలం పిన్ను ఒక్కటే ఉన్నవాళ్ళకి మూడు దారులున్నాయి. వీజీఏ, హెచ్‌డీఎంఐ రెండూ ఉన్న మానిటర్ కొనడం ఒకటి. హెచ్‌డీఎంఐ మాత్రమే ఉన్నది కొని, మధ్యలో కన్వర్టర్ పెట్టడం రెండోది. సీపీయూలో హెచ్‌డీఎంఐ ఉన్న చిన్న గ్రాఫిక్స్ కార్డు, అంటే బొమ్మ తయారుచేసే పలక, వేయించడం మూడోది. నేను ఎవరికైనా మొదటి దారే చెబుతాను. 22, 24 అంగుళాల మామూలు రకాల్లో రెండు పిన్నులూ ఉన్నవి ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఇవాళ పాత సీపీయూకి నీలం వైరుతో తగిలిస్తారు, రేపు సీపీయూ మారిస్తే హెచ్‌డీఎంఐతో తగిలిస్తారు. మానిటర్ మారదు. నా అనుభవంలో ఒక మానిటర్ రెండు సీపీయూల కాలం బతుకుతుంది.

కన్వర్టర్ సంగతి నా సొంత గాథ. కొన్నేళ్ళ కిందట శ్రీకాకుళంలో ఒక మానిటర్ కొన్నాను. ఇంటికొచ్చి పెట్టె విప్పితే దానికి హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్ట్ తప్ప మరేమీ లేవు. నా సీపీయూకి నీలం పిన్ను ఒక్కటే. మర్నాడు మళ్ళీ బస్సెక్కి వెళ్తే, కౌంటర్లో కుర్రాడు ఒక నల్ల కన్వర్టర్ చేతిలో పెట్టాడు. వచ్చి తగిలిస్తే తెర మీద "నో సిగ్నల్". మూడోసారి వెళ్ళాక గానీ తెలియలేదు, అది హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చేది, నాకు కావలసింది వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది. ఈ వస్తువులు ఒక్క దిక్కుకే పనిచేస్తాయి. వీజీఏ పంపేది అనలాగ్, హెచ్‌డీఎంఐ అడిగేది డిజిటల్, మధ్యలో ఒక చిప్ కూర్చుని తర్జుమా చేయాలి. గుర్తుపట్టడం తేలికే. కంప్యూటర్ వైపు గుచ్చే మగ పిన్ను ఏ రకమో చూడండి, సిగ్నల్ అక్కడ మొదలవుతుంది. వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేదానికి కరెంటు కోసం ఒక యూఎస్‌బీ తోక, సౌండ్ కోసం ఇంకో వైరు వేలాడుతుంటాయి. తోకల్లేకుండా నున్నగా ఉంటే అనుమానించండి. మూడుసార్ల బస్సు చార్జీ లెక్కేస్తే ఆ మానిటర్ నాకు ఎంత పడిందో మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది.

డిస్‌ప్లే పోర్ట్‌కీ ఇదే మెలిక ఉంది. కంప్యూటర్ నుంచి డిస్‌ప్లే పోర్ట్ బయల్దేరి మానిటర్ హెచ్‌డీఎంఐలో దిగాలంటే చాలాసార్లు మామూలు కేబుల్ సరిపోతుంది. హెచ్‌డీఎంఐ నుంచి బయల్దేరి డిస్‌ప్లే పోర్ట్‌లో దిగాలంటే ఆ కేబుల్ పనికిరాదు, చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి.

మా బావమరిది ఫొటో పంపాడు. నీలం పిన్ను, పక్కనే హెచ్‌డీఎంఐ. నయమే అనుకున్నాను. కానీ డబ్బా 2012 నాటిది, లోపల మూడో తరం ఇంటెల్ ప్రాసెసర్. ఆ కాలం బోర్డుల్లో చాలావాటి హెచ్‌డీఎంఐ 1920×1200 చుక్కలు దాటి పంపదు. నాలుగో తరంలో హెచ్‌డీఎంఐ ద్వారా 4కే, అంటే ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలు, వస్తుంది గానీ బొమ్మ మారేది సెకనుకి 30 సార్లకి మించదు. అంటే మౌస్ బాణం నీళ్ళలో ఈదుతున్నట్టు కదులుతుంది. కాబట్టి పాత డబ్బా ఉన్నవాళ్ళు 4కే మానిటర్ వైపు చూడకండి. డబ్బు 4కేకి కట్టి, బొమ్మ ఫుల్ హెచ్‌డీలో చూస్తారు, అదీ సాగదీసినట్టు మసకగా.

కొత్త డబ్బాలకి వేరే గోల. మా మేనల్లుడు ఆటల కోసమని ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్‌తో సీపీయూ కట్టించుకుని, మానిటర్ తగిలించి, బొమ్మ రాలేదని రాత్రి పదకొండింటికి నన్ను లేపాడు. ఇంటెల్ పేరు చివర ఆ 'ఎఫ్' ఉంటే ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ పనిచేయదు. మదర్‌బోర్డుకి హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్నా అది అలంకారమే. కింద అడ్డంగా ఉండే గ్రాఫిక్స్ కార్డుకి తగిలించాలి. "మావయ్యా, మానిటర్ పోయిందనుకుని రిటర్న్ పెట్టేశాను" అన్నాడు. పొద్దున్నే రద్దు చేయించాం.

ల్యాప్‌టాప్‌కి పెద్ద తెర కావాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. టైప్-సీ రంధ్రం ఉన్నంత మాత్రాన బొమ్మ వస్తుందని కాదు. దాని పక్కన మెరుపు గుర్తో, డిస్‌ప్లే పోర్ట్ గుర్తో లేకపోతే హెచ్‌డీఎంఐనే నమ్ముకోండి.

ఇక సైజు. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. 24 అంగుళాలకి ఫుల్ హెచ్‌డీ అంటే 1920×1080 చుక్కలు. 27 అంగుళాలకీ ఫుల్ హెచ్‌డీ అంటే అవే 1920×1080 చుక్కలు. రొట్టె పెద్దదైంది, పిండి అంతే. 24లో అంగుళానికి సుమారు 92 చుక్కలు పడితే, 27లో 82 దగ్గర ఆగిపోతాయి. 21.5 అంగుళాల్లో 102 పడతాయి. సినిమా చూడ్డానికి ఈ తేడా లెక్కలోకి రాదు. తెలుగు చదవడానికి వస్తుంది.

ఇంగ్లీషు అక్షరాలు గీతలు, సున్నాలు. అవి చుక్కలు తక్కువైనా బతికేస్తాయి. మన అక్షరానికి పైన తలకట్టు, మధ్యలో పొట్ట, కింద వత్తు, పక్కన కొమ్ము. 'లక్ష్మి'లో క్ష కింద మ వత్తు ఎంత చోటులో ఇరుక్కుంటుందో చూడండి. ఒడియా అయితే ఇంకోరకం. పైన గొడుగులాంటి వంపు చాలా అక్షరాలకి ఒకటే, ఏ అక్షరమో చెప్పే తేడా కింద చిన్న చోటులో ఉంటుంది.

పాత 18.5 అంగుళాల మానిటర్ మీద పనిచేసే రోజుల్లో ఒక పెళ్ళివారికి 300 శుభలేఖలు వేశాను. 'వధువు' అని ఉండాల్సిన చోట 'వదువు' పడింది. ధ పొట్ట కింద గీత నా తెర మీద కనిపించలేదు, ఉందో లేదో తెలియని మసక చుక్క. పెళ్ళికూతురి తాతగారు రిటైరైన తెలుగు మాస్టారు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరయ్యా ఇది, ఆయన వాడుక భాష రాయమన్నాడు గానీ ధకారానికి పొట్ట కొయ్యమనలేదు, అన్నారు. 300 కార్డులూ మళ్ళీ నా ఖర్చుతోనే వేశాను. ఆ నెలలోనే 24 అంగుళాల మానిటర్ కొన్నాను.

అందుకే నా లెక్క ఇలా ఉంటుంది. చదవడం, టైపింగ్, పిల్లల చదువు ప్రధానమైతే ఫుల్ హెచ్‌డీలో 22 నుంచి 24 అంగుళాలు. 27 కావాలనుకుంటే 2560×1440 చుక్కలున్నదే తీసుకోండి, అందులో అంగుళానికి 109 పడతాయి, అక్షరం కత్తితో కోసినట్టుంటుంది. కానీ ఆ చుక్కలన్నీ పంపగల పోర్టు సీపీయూకి ఉండాలి, ధర కూడా 24 కంటే దాదాపు రెట్టింపు. 27లో ఫుల్ హెచ్‌డీ అంటే, నాలుగడుగుల దూరంలో మంచం మీద కూర్చుని సినిమాలు చూసేవాళ్ళ సరుకు. ఆఫర్లలో ఎక్కువగా కనిపించేదీ అదే.

షాపులో చేసే ఒక చిన్న పరీక్ష చెబుతాను. ఒక ఏ4 కాగితం మడత పెట్టకుండా పట్టుకెళ్ళండి. దాని పొడవు 29.7 సెంటీమీటర్లు. 24 అని అమ్మేవాటిలో చాలావరకు నిజానికి 23.8 అంగుళాలు, వాటి తెర ఎత్తు 29.6 సెంటీమీటర్లు. కాగితాన్ని నిలువుగా తెరకి ఆనిస్తే పైనుంచి కిందికి సరిగ్గా అతుకుతుంది. పక్కన ఇంకోటి పెట్టినా ఇంకా జానెడు లోపు చోటు మిగులుతుంది. 21.5లో కాగితం దాదాపు మూడు సెంటీమీటర్లు బయటికి పొడుచుకొస్తుంది. దరఖాస్తులు, బయోడేటాలు, ప్రశ్నపత్రాలు టైపు చేసే ఇంట్లో ఇంతకంటే మంచి కొలబద్ద నాకు దొరకలేదు.

కొత్త మానిటర్ మీద అక్షరాలు లావుగా, అడ్డంగా సాగినట్టు కనిపిస్తే వెంటనే షాపువాణ్ణి తిట్టకండి. విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌కి వెళ్ళి రిజల్యూషన్ చూడండి. 1024×768 దగ్గర ఆగిపోయి ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ వేయలేదన్నమాట. డ్రైవర్ వేసి 1920×1080 పెడితే సర్దుకుంటుంది. నీలం వైరైతే మానిటర్ కింద బటన్లలో 'ఆటో అడ్జస్ట్' ఒకసారి నొక్కండి. వీజీఏ వైరు పొడవు పెరిగేకొద్దీ అక్షరానికి నీడ పడుతుంది, పెట్టెలో వచ్చిన పొట్టి వైరే మంచిది.

ప్యానెల్, అంటే తెర రకం, మాటకొస్తే ఇళ్ళకి ఐపీఎస్ అనే రకం చాలు, వాదన అక్కర్లేదు. ఏ పక్కనుంచి చూసినా రంగు మారదు. ముగ్గురు పిల్లలు మూడు వైపులా కూర్చునే ఇళ్ళు మనవి. వీఏ రకంలో నలుపు మరింత నలుపుగా వస్తుంది, చీకట్లో సినిమా చూడ్డానికి బాగుంటుంది. కాకపోతే నల్లటి చోట ఏదైనా వేగంగా కదిలితే వెనక మసి పూసినట్టు జాడ పడుతుంది. పాత టీఎన్ రకంలో నేను కూర్చుని చూసిన కుంకుమ రంగు, పక్కన నిలబడ్డ పెళ్ళివారికి వంకాయ రంగులా కనిపించేది. సెకండ్‌హ్యాండ్‌లో ఇప్పటికీ ఇవే ఎక్కువ. రంగుల పని చేసేవాళ్ళు పెట్టె మీద 'ఎస్ఆర్‌జీబీ 99 శాతం' అనో 'ఎన్‌టీఎస్‌సీ 72 శాతం' అనో రాసుందేమో చూసుకోండి, తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలతలవి, రెండూ దాదాపు ఒకటే. ఎన్‌టీఎస్‌సీ 45 శాతం అని ఉంటే ఎరుపు వెలిసిపోతుంది.

వంపు తెరలు, 144 హెర్ట్‌జ్‌లు (సెకనుకి 144 సార్లు బొమ్మ మారడం) ఆటలాడే పిల్లల కోసం. ఇప్పుడు మామూలు మానిటర్లే 75, 100 హెర్ట్‌జ్‌తో వస్తున్నాయి. విడిగా డబ్బు పెట్టక్కర్లేదు.

"ఇంట్లో 32 అంగుళాల టీవీ ఉంది కదా, దానికే తగిలించేస్తే?" అని మా చెల్లెలు అడిగింది. తగిలించొచ్చు, పాటలు చూడొచ్చు. అది హెచ్‌డీ రెడీ టీవీ అయితే 1366×768 చుక్కలే, అంగుళానికి 49. పొడుగు చేతులున్నవాళ్ళు కూడా కీబోర్డు అందేంత దగ్గర కూర్చుని దాని మీద తెలుగు చదవలేరు. తాత్కాలికంగా వాడాలంటే టీవీ సెట్టింగుల్లో ఆ ఇన్‌పుట్ పేరు 'పీసీ' అని మార్చి, అంచులు కోసుకుపోతుంటే బొమ్మ సైజుని 'జస్ట్ స్కాన్' లాంటి దానికి పెట్టండి. కొంత తేటపడుతుంది.

కంపెనీల నుంచి తీసేసిన పాత ఆఫీసు మానిటర్లు విశాఖపట్నం నుంచి మా వైపు వస్తుంటాయి. తక్కువలో దొరుకుతాయి, స్టాండు కిందికీ పైకీ జరుగుతుంది, బలంగా ఉంటాయి. 24 అంగుళాల్లో 1920×1200 ఉన్నది కనిపిస్తే నేను రెండో ఆలోచన చేయను, ఆ అదనపు ఎత్తు పేజీ పనికి వరం. మిగతావాటిలో చాలావాటికి హెచ్‌డీఎంఐ ఉండదు, డీవీఐ ఉంటుంది. డీవీఐ, హెచ్‌డీఎంఐ మధ్య బొమ్మకి మామూలు కేబుల్ చాలు, రెండూ డిజిటల్ భాషే. సౌండు మాత్రం రాకపోవచ్చు. లోపల ట్యూబులైట్ లాంటి పాత బల్బులుంటే తెర పసుపెక్కి ఉంటుంది, తెల్ల పేజీ తెరిచి చూస్తే దాగదు.

మా వైపు ఇంకో సంగతి చూసుకోవాలి. ఎండాకాలం సాయంత్రాలు పిడుగులు, అక్టోబరు వస్తే తుపాన్లు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా గజపతి జిల్లా ఎలా అయిందో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. కరెంటు ఎగుడుదిగుడులకి మానిటర్‌లో ముందు పోయేది పవర్ భాగం. అది లోపలే బిగించి ఉన్న మానిటర్‌కి మెకానిక్ వెనక విప్పాలి. ల్యాప్‌టాప్‌లాగా బయట అడాప్టర్ ఉన్న మానిటర్‌కి అడాప్టర్ ఒక్కటి మారిస్తే సరి. దాని మీద రాసున్న వోల్టులు, పిన్ను సైజు కలవాలి, ఆంపియర్లు తగ్గకూడదు. మిగతా అన్నీ సమానంగా ఉంటే నేను బయట అడాప్టర్ ఉన్నదానికే ఓటేస్తాను, చూడ్డానికి వైరు గందరగోళం అనిపించినా సరే. కరెంటు వాడకం గురించి టెన్షన్ వద్దు, 24 అంగుళాల ఎల్‌ఈడీ మానిటర్ తినేది 20, 25 వాట్లు, మామూలు యూపీఎస్ తేలిగ్గా మోస్తుంది.

ఎక్కడ కొనాలి? జీఎస్టీ 2017లో వచ్చాక సరిహద్దుకి అటూ ఇటూ పన్ను ఒకటే. సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్తే చవక అన్నది పాత మాట. చూడాల్సింది వారంటీ. మా పిన్‌కోడ్ 761తో, పాతపట్నంది 532తో మొదలవుతుంది. ఒకే సంతకి వెళ్ళేవాళ్ళమే అయినా కంపెనీ కంప్యూటర్‌లో మాది ఒక రాష్ట్రం, వాళ్ళది ఇంకో రాష్ట్రం. మా పిన్‌కి డెలివరీ లేదంటే పాతపట్నంలో చుట్టాల అడ్రసుకి తెప్పించుకోవడం మా ఊళ్ళో మామూలే. కానీ ఇంటికొచ్చి బాగుచేసే వారంటీ ఏ పిన్‌కి ఉందో కొనే ముందే కంపెనీ సైటులో కొట్టి చూడండి. మా పిన్‌కి సర్వీసు బరంపురం నుంచో, శ్రీకాకుళం నుంచో అడిగి తెలుసుకోండి. మనిషి రాకపోతే మానిటర్ మోసుకెళ్ళేది మీరే, అందులో శ్రీకాకుళం దగ్గర, బరంపురం దూరం. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి.

ఇంటికొచ్చిన రోజే పూర్తి తెల్లటి తెర, తర్వాత పూర్తి నల్లటి తెర పెట్టి పది నిమిషాలు చూడండి. నల్ల చుక్కో, ఆరని ఎర్ర చుక్కో ఉంటే కనిపించిపోతుంది. ఒకటి రెండు చుక్కలకి చాలా కంపెనీలు వారంటీలో మార్చవు, షాపు తిరిగి తీసుకునే గడువులోనే తేల్చుకోవాలి. పెట్టె, థర్మాకోల్ నెల రోజులు పారేయకండి.

మా బావమరిది 27 ఆఫర్ వదిలేసి 23.8 అంగుళాల ఐపీఎస్, రెండు పిన్నులూ ఉన్నది, అడాప్టర్ బయటున్నది కొన్నాడు. తొమ్మిది వేల లోపే అయింది. పిల్లలు దాని ముందు కూర్చున్న ఫొటో పంపాడు. తెర మీద అతికించి వచ్చిన ప్లాస్టిక్ కాగితం అలాగే ఉంది. అది తియ్యలేదేమని అడిగితే, "దుమ్ము పడకుండా ఉంచాను బావా. అక్షరాలు కొంచెం మసకగా ఉన్నాయి, వైరు మార్చాలంటావా?" అన్నాడు.